ఇంట్లో ఏదైనా 'జివ్వు'మంటోందా?

మొన్నటి వానాకాలంలో ఒక ఉదయం. రాత్రంతా ముసురు పట్టి, తెల్లవారాక కాస్త తెరిపి ఇచ్చింది. ఎనిమిదిన్నర వేళ మా ఆసుపత్రికి ఆటోలో ఇద్దర్ని తీసుకొచ్చారు. ఒకామెకు ముప్పై ఏళ్లుంటాయి. ఉతికిన బట్టలు పెరట్లో దండెం మీద ఆరేస్తూ పడిపోయిందట. రెండోవాడు ఆమె భర్త. ఆమెను లాగబోయి తనూ చిక్కుకున్నాడు. పక్కింటి పెద్దాయన పరుగెత్తి మెయిన్ ఆపబట్టి అతను బతికి బయటపడ్డాడు. ఆమెకు మేం చేయవలసిందంతా చేశాం. కాని ప్రాణం అప్పటికే పోయింది.

అతని అరచేతిలో కాలిన గాయానికి కట్టు కడుతుంటే ఒకటే మాట మళ్లీ మళ్లీ అడిగాడు.

"సారూ, ఆ తీగ నాలుగు రోజుల నుంచి జివ్వుమంటనే ఉంది. మా ఆమె చెప్పింది. నేను కూడా ముట్టుకొని చూసిన. ఏం కాలేదు. ఇయ్యాలనే ఎందుకు ఇట్లయింది?"

ఆ రోజు అతనికి నేను సరైన జవాబు చెప్పలేదు. చెప్పే సమయం కూడా కాదు. ఈ వారం మీకు చెప్పబోయేది ఆ జవాబే.

కరెంటు పుట్టే ఊళ్లోనే...

మాది కొత్తగూడెం. నేలలోంచి బొగ్గు తీసే ఊరు. పక్కనే పాల్వంచ. అక్కడి థర్మల్ కేంద్రంలో 1966 నుంచి బొగ్గు కాల్చి, కిన్నెరసాని నీళ్లు వాడి కరెంటు తీస్తున్నారు. పాత యూనిట్లకు కాలం చెల్లి వాటి కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో పడగొట్టారు. కొత్త యూనిట్లు పనిచేస్తూనే ఉన్నాయి. గనిలోనో, థర్మల్‌లోనో పనిచేసిన మనిషి లేని వీధి ఇక్కడ అరుదు. కరెంటంటే ఏమిటో తెలిసిన ఊరు ఇది. అయినా ప్రతి వానాకాలం, ప్రతి ఎండాకాలం ఇలాంటి కేసులు చూస్తూనే ఉన్నాం.

ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. 2022 జులైలో కామారెడ్డి పట్టణంలో బట్టలు ఆరేసే తీగకు కరెంటు వచ్చి ఒకే ఇంట్లో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, మొత్తం నలుగురు మరణించారు. దేశం మొత్తం మీద కరెంటు షాక్‌తో పోయేవారు ఇటీవలి సంవత్సరాల్లో ఏటా పదివేలకు పైమాటేనని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు చెబుతున్నాయి. వీరిలో చాలామంది స్తంభాలెక్కినవారు కారు. కూలరులో నీళ్లు పోసినవారు, మోటారు వేసినవారు, బట్టలు ఆరేసినవారు.

ఒకే తీగ, రెండు ఫలితాలు

మన ఇళ్లలోకి వచ్చే కరెంటు 230 వోల్టులు. ఆ తీగలో సోమవారమూ అంతే ఉంది, శుక్రవారమూ అంతే ఉంది. తేడా అంతా మన ఒంటిలో ఉంది.

మన చర్మం కరెంటును అడ్డుకునే మొదటి గోడ. చెయ్యి పొడిగా ఉండి, కాలికి చెప్పులుండి, నేల కూడా పొడిగా ఉంటే ఆ గోడ గట్టిగానే నిలుస్తుంది. అప్పుడు ఒంట్లోంచి పోయే కరెంటు ఏ నాలుగైదు మిల్లీ ఆంపియర్లో ఉంటుంది. మిల్లీ ఆంపియరంటే ఆంపియరులో వెయ్యో వంతు. అంత చిన్న కరెంటుకు 'జివ్వు'మని చెయ్యి వెనక్కి తీసుకుంటాం. "ఏం కాలేదు" అనుకుంటాం.

అదే చెయ్యి తడిసి, కాళ్లకు చెప్పులు లేక, కింద నేల బురదగా ఉంటే ఆ గోడ కూలిపోయినట్టే. లెక్క వేస్తే అప్పుడు 200 మిల్లీ ఆంపియర్లు దాటి పోవచ్చు. సుమారు యాభై రెట్లు ఎక్కువ!

ఎంత కరెంటు ఒంట్లో ఏం చేస్తుందో స్థూలంగా చూడండి.

ఒక మిల్లీ ఆంపియరు: చిన్నగా తెలుస్తుంది.

పది నుంచి పదహారు: చేతి కండరాలు బిగుసుకుపోతాయి. పట్టుకున్నది వదలలేం.

ముప్పై, ఆ పైన: కొంతసేపు అలాగే ఉంటే ఊపిరి పీల్చే కండరాలు కూడా బిగుసుకోవచ్చు.

యాభై నుంచి వంద, ఆ పైన: గుండె లయ తప్పే ప్రమాదం. గుండె కండరంలోని పోగులన్నీ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వణుకుతాయి. గుండె కొట్టుకుంటున్నట్టే ఉంటుంది గాని రక్తం ముందుకు పోదు. దీన్నే మేం వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటాం. నిమిషాల్లో ప్రాణం పోతుంది.

ఇప్పుడు ఆ భర్త ప్రశ్నకు జవాబు దొరికిందా? మొదటి నాలుగు రోజులూ ఆమె ముట్టుకున్నది అదే తీగను. అయిదో రోజు చేతిలో తడి బట్ట, కాళ్ల కింద వాన నీళ్లు. అంతే తేడా. 'జివ్వు'మనడం చిన్న షాక్ కాదు. పెద్ద షాకే, ఆ పూటకు మన చర్మం అడ్డుపడింది.

కరెంటు లాగుతుందా?

"కరెంటు లాగేసింది, పట్టేసుకుంది" అంటుంటారు. నిజానికి కరెంటు ఎవర్నీ లాగదు. మన చేతి కండరాలే మనల్ని పట్టిస్తాయి. అరచేతిని మూసే కండరాలు, తెరిచే కండరాలకన్నా బలమైనవి. కరెంటు రెండింటినీ ఒకేసారి బిగించినప్పుడు మూసేవే గెలుస్తాయి. పిడికిలి తీగ చుట్టూ బిగుసుకుంటుంది. వదలాలని మనసుకున్నా చెయ్యి మాట వినదు.

అమెరికాలో చార్లెస్ డాల్జియల్ అనే ఆచార్యుడు, తమంతట తాముగా ముందుకొచ్చిన వారి మీద ప్రయోగాలు చేసి దీన్ని కొలిచారు. చెయ్యి వదలలేని స్థితి పురుషులకు సగటున 16 మిల్లీ ఆంపియర్ల దగ్గర, స్త్రీలకు సుమారు పదిన్నర దగ్గర వస్తుందని తేలింది. అంటే ఇంట్లో తడి పనులు ఎక్కువగా చేసే ఇల్లాలే తొందరగా చిక్కుకుంటుందన్నమాట. పిల్లల సంగతి చెప్పనక్కర్లేదు.

ఆ ఇంటికి వెళ్లి చూస్తే

నాకొక మిత్రుడున్నాడు. గనిలో ముప్పై ఏళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. పది రోజుల తర్వాత, ఆ కుటుంబాన్ని అడిగి, అతన్ని వెంటబెట్టుకొని ఆ ఇంటికి వెళ్లాను. మేం ఆసుపత్రిలో రోగం ఎక్కడ మొదలైందో వెతికినట్టే అతను ఆ ఇంటిని వెతికాడు. మూడు విషయాలు బయటపడ్డాయి.

ఒకటి. పెరట్లో ఉన్న బాత్‌రూమ్ బల్బు కోసం ఇంట్లోంచి ఒక వైరు రేకుల కప్పు మీదుగా వేశారు. రేకు అంచు దగ్గర గాలికి ఒరుసుకొని, ఎండకు పెళుసెక్కి, పై తొడుగు చిట్లింది. లోపలి తీగ రేకుకు తగులుతోంది. దండెం ఒక కొస ఆ రేకును మోసే ఇనుప గొట్టానికి, రెండో కొస వేపచెట్టుకు కట్టారు. దండెం జీఐ తీగ. అంటే నాలుగు రోజుల పాటు ఆ రేకుల కప్పు, గొట్టం, దండెం, అన్నీ కలిసి ఒక పెద్ద కరెంటు తీగ.

రెండు. "బాత్‌రూమ్ లైటు పగలు ఎప్పుడూ ఆపే ఉంటది సారూ" అన్నాడు భర్త. నిజమే, స్విచ్చి ఆపే ఉంది. కాని వైరింగు చేసిన వ్యక్తి స్విచ్చిని ఫేజు తీగకు బదులు న్యూట్రల్ తీగకు పెట్టాడు. అలా పెట్టినా లైటు వెలుగుతుంది, ఆరుతుంది. ఎవరికీ అనుమానం రాదు. కాని స్విచ్చి ఆపినా బల్బు వరకు ఫేజు వస్తూనే ఉంటుంది.

మూడు. మీటరు పక్కన ఎంసీబీ ఉంది. కొత్తదే. "ఇది ఉంది కదా, ఎందుకు పడిపోలేదు?" అని అడిగారు ఇంటివాళ్లు. చాలా మంచి ప్రశ్న.

ఫ్యూజు కాపాడేది ఎవర్ని?

మనలో నూటికి తొంభై మంది ఇక్కడే పొరబడతారు. ఫ్యూజు గాని, ఎంసీబీ గాని పెట్టింది మనిషిని కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. ఆరు ఆంపియర్ల ఎంసీబీ, ఆరు ఆంపియర్లు దాటితే గాని కదలదు. మనిషి ప్రాణం తీయడానికి అందులో అరవయ్యో వంతు చాలు. ఒక 60 వాట్ల పాత బల్బు వెలగడానికి సుమారు 260 మిల్లీ ఆంపియర్లు కావాలి. ఆ తల్లి ఒంట్లోంచి పోయింది బహుశా అంతకన్నా తక్కువే. ఎంసీబీకి సంబంధించినంతవరకు ఇంట్లో ఇంకో బల్బు వెలిగినట్టే. అది ఎందుకు పడిపోతుంది?

మనిషిని కాపాడే పరికరం వేరే ఉంది. ఈఎల్‌సీబీ అంటారు. ఇప్పుడు దొరికే రకాన్ని ఆర్‌సీసీబీ అని కూడా అంటారు. అది పనిచేసే తీరు కిరాణా కొట్టు చిట్టాలాంటిది. ఫేజులో ఎంత వెళ్లిందో న్యూట్రల్‌లో అంతా తిరిగి వచ్చిందా అని అనుక్షణం సరిచూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే, అంటే ఆ కాస్తా ఎవరి ఒంట్లోంచో, ఏ తడిగోడలోంచో నేలలోకి పోతోందని గ్రహించి, రెప్పపాటులో లైను కోసేస్తుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనల్లోను, వాటి స్థానంలో 2023లో వచ్చిన నిబంధనల్లోను దీని ప్రస్తావన ఉంది. పెళ్లికి కొనే ఒక పట్టుచీర ఖరీదు కూడా కాదు.

మీ ఇంట్లో ఉన్నది ఏదో ఎలా తెలుస్తుంది? ఈఎల్‌సీబీ మీద 'టెస్ట్' అనో, 'టి' అనో రాసిన చిన్న మీట ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్లని గాని, 0.03 ఆంపియరు అని గాని అంకె ఉంటుంది. ఆ మీట లేకపోతే అది ఉత్త ఎంసీబీ. ఉంటే నెలకోసారి నొక్కి చూడండి. టక్కున లైను పోవాలి. పోకపోతే అది పాడైనట్టే.

ఇంకొక మాట. కొన్ని ఇళ్లలో ఈఎల్‌సీబీ పెట్టించి, "వాన పడితే చాలు పడిపోతోంది, చికాకు" అని తీసి అవతల పారేశారు. జ్వరం వచ్చిందని చెప్పిన థర్మామీటరును పగలగొట్టినట్టుంది. అది పడిపోతోందంటే ఎక్కడో కరెంటు కారుతోందని అర్థం. వెతికించాలి.

ఈఎల్‌సీబీ కూడా అన్నింటికీ మందు కాదు. ఒక చేత్తో ఫేజును, మరో చేత్తో న్యూట్రల్‌ను పట్టుకుంటే దానికి తేడా తెలియదు. స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే సర్వీసు వైరులో దోషముంటే దాని చేతుల్లో లేదు. ఆ వైరు రేకుకు గాని, చెట్టుకొమ్మకు గాని ఒరుసుకుంటుంటే 1912కు ఫోన్ చేసి విద్యుత్ శాఖవారికి చెప్పాలి. మనం చెయ్యి పెట్టకూడదు.

మా ఇంట్లో సంగతి

ఆ ఇంటి నుంచి వస్తూ మిత్రుణ్ని టీకి మా ఇంటికి తీసుకొచ్చాను. మా ఆవిడ ఫ్రిజ్ తలుపు తీయబోతూ చెప్పులేసుకుంది. "అదేమిటమ్మా?" అన్నాడతను. "కొంచెం షాక్ కొడుతుందన్నయ్యా, చెప్పులుంటే ఏమీ అనదు. డాక్టరు గారే చెప్పారు" అంది.

నిజమే, నేనే చెప్పాను! రోగికి జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా దుప్పటి కప్పి పంపినట్టు.

అతను సాకెట్టు విప్పి చూపించాడు. మూడు రంధ్రాల్లో పైనున్న పెద్ద రంధ్రానికి తీగ ఉంది. ఆ తీగ గోడ వెంట వెళ్లి వంటింటి కొళాయి గొట్టానికి చుట్టి ఉంది. పాతికేళ్ల క్రితం అది ఇనుప గొట్టం, నేలలోకి దిగేది. ఎనిమిదేళ్ల క్రితం మేం గొట్టాలన్నీ మార్చి ప్లాస్టిక్‌వి వేయించాం. ఆ రోజే మా ఇంటి ఎర్త్ పోయింది. మాకు తెలియనే లేదు.

ఎర్త్ అంటే దారి తప్పిన కరెంటుకు మన ఒంటికన్నా సులువైన దారి చూపడం. ఫ్రిజ్, గ్రైండరు, గీజరు, కూలరు, వాషింగ్ మిషను, ఇస్త్రీ పెట్టె వంటి ఇనుప ఒళ్లున్న వస్తువులకు ఇది లేకపోతే ఆ దారి మనమే అవుతాం. మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను మిగతా రెండింటికన్నా పొడుగు, లావు. పొడుగెందుకంటే ప్లగ్గు పెట్టేటప్పుడు ఎర్త్ ముందుగా తగలాలి, తీసేటప్పుడు చివరగా వదలాలి. లావెందుకంటే పొరపాటున కూడా అది ఫేజు రంధ్రంలో దూరకూడదు. ఇంత ఆలోచించి పెట్టిన పిన్నును "సాకెట్టులో పట్టట్లేదు" అని కోసేసే మహానుభావులున్నారు.

తర్వాత రెండు ఆదివారాలు మిత్రుడూ నేనూ మా వీధిలో తెలిసినవారి ఇళ్లు చూశాం. కంటికి కనిపిస్తూనే ఎవరి దృష్టికీ రాని సంగతులు ఇవి:

కూలరు. మా వైపు ఎండలు మీకు తెలిసినవే. రేకు కూలరులో, తిరుగుతుండగానే బిందెతో నీళ్లు పోస్తారు. నీళ్లు పోసే ముందు స్విచ్చి ఆపడమే కాదు, ప్లగ్గు కూడా పీకాలి. పంపు వైరు నీళ్లలో నానుతుంటుంది. ఏటా ఎండాకాలం మొదట్లో దాన్ని చూపించాలి.

నీళ్లు కాచే రాడ్డు. ఇనుప బకెట్లో వేసి, కాగాయా లేదా అని వేలు ముంచి చూడటం ప్రాణాంతకమైన అలవాటు. ముందు స్విచ్చి ఆపాలి, ప్లగ్గు తీయాలి, తర్వాతే నీళ్లు ముట్టుకోవాలి. ఐఎస్‌ఐ గుర్తు లేని రాడ్డు కొనకూడదు.

ఫ్యూజు తీగ. పాత పింగాణీ ఫ్యూజుల్లో తీగ మాటిమాటికి కాలిపోతోందని లావాటి రాగి తీగ చుడతారు. ఇక ఆ ఫ్యూజు ఎప్పటికీ కాలదు. ఇల్లు కాలుతుంది.

ఎర్త్ గుంత. ఇంటి వెనక సిమెంటు మూత కింద ఉంటుంది. ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఆ గుంత ఎండిపోతే పనిచేయదు. చాలా ఇళ్లలో అది ఎక్కడుందో కూడా తెలియదు. కొన్నిచోట్ల దాని మీదే బండలు పరిచారు. ఎండాకాలంలో అప్పుడప్పుడు రెండు బిందెల నీళ్లు పోయండి. తీగ తుప్పుపట్టి తెగిందేమో చూపించండి.

మంచం కింద అతుకులు. చార్జర్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు, టేపు చుట్టిన వైర్లు చాప కింద, పరుపు వెనక. ఎలుక కొరికినా తెలియదు. పాకే బిడ్డ ఉన్న ఇంట్లో నేల మీద వైరు ఉండనే కూడదు. చార్జరును సాకెట్టులో అలాగే వదిలి, కొసను మంచం మీద వేలాడనివ్వకూడదు. పసివాళ్లకు ఏది దొరికినా నోట్లోకే.

తడి గోడ. వానాకాలంలో స్విచ్ బోర్డు చుట్టూ గోడ చెమ్మగిల్లి, ముట్టుకుంటే జివ్వుమంటే ఆ లైను మెయిన్‌లో ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. "ఎండాకాలం వస్తే అదే ఆరుతుంది" అనుకోవద్దు.

మిత్రుడు ఒక మాటన్నాడు. "గనిలో షిఫ్టు దిగితే ముందు ఎర్తింగు చూడకుండా మిషను ముట్టుకునేవాణ్ని కాదు డాక్టరు గారూ. ఇంటికొచ్చాక మాత్రం ఒక్కనాడూ చూసుకోలేదు." నేనేమీ అనలేదు. ఆసుపత్రిలో నా సంగతీ, ఇంట్లో నా సంగతీ అంతే కదా.

షాక్ కొడితే మొదటి అయిదు నిమిషాలు

ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోవడం ఈ ప్రమాదాల్లో తరచు జరిగేది. తల్లి మీద బిడ్డ, భార్య మీద భర్త పడతారు. ప్రేమే ప్రాణం తీస్తుంది. కాబట్టి ఇంట్లో అందరికీ, పదేళ్ల పిల్లలకు కూడా, ఈ వరుస నేర్పండి.

మొదట, ముట్టుకోవద్దు. మెయిన్ ఎక్కడుందో ఇంట్లో ప్రతివారికీ తెలియాలి. ఆపాలి. ఇన్వర్టరు ఉంటే దాన్నీ ఆపాలి. మెయిన్ దూరమైతే ఎండిన కర్రతోనో, రోకలితోనో, ప్లాస్టిక్ కుర్చీతోనో తీగను గాని, మనిషిని గాని పక్కకు తోయాలి. పొడి చోట నిలబడి చేయాలి. తడి కర్ర, ఇనుప గొట్టం పనికిరావు. బయట స్తంభాల మీది హైటెన్షన్ తీగ తెగి పడితే మాత్రం కర్ర కూడా కాపాడదు. దూరంగా ఉండి, ఎవర్నీ దగ్గరికి పోనివ్వక 1912కు చెప్పాలి.

తర్వాత, మనిషి పలుకుతున్నాడా, మామూలుగా ఊపిరి తీస్తున్నాడా చూడండి. ఎగశ్వాసలాంటిది ఊపిరి కాదు. పలుకు, ఊపిరి లేకపోతే ఒకరు 108కు ఫోన్ చేయాలి. మరొకరు ఆలస్యం లేకుండా ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాలి. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్య ఎముక మీద అరచేతి మడమ ఆనించి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా, పెద్దవారికైతే అయిదారు సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీ మళ్లీ పైకి రానివ్వాలి. రెండు నిమిషాలకొకసారి మనిషి మారితే అలసట రాదు. అంబులెన్సు వచ్చేదాకా ఆపవద్దు.

ఈ పద్ధతి పుట్టుకకు కరెంటుతో సంబంధం ఉంది. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో విలియం కోవెన్‌హోవెన్ అనే ఆయన లైన్‌మెన్లు షాక్‌తో ఎందుకు చనిపోతున్నారని ఏళ్ల తరబడి పరిశోధించారు. ఆయన డాక్టరు కారు, ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఆయన, మరో ఇద్దరు కలిసి, ఛాతీ కోయకుండా పైనుంచి నొక్కి రక్తాన్ని నడిపించవచ్చని 1960లో లోకానికి చెప్పారు. షాక్ కొట్టిన గుండె చాలాసార్లు జబ్బు గుండె కాదు, మంచి గుండే లయ తప్పింది. అందుకే వెంటనే నొక్కితే ఆశ ఉంటుంది. అరికాళ్లు రుద్దుతూ, ముఖాన నీళ్లు చల్లుతూ కూర్చుంటే ఆ నాలుగు నిమిషాలూ వృథా. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు, సోడా పోయవద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

లేచి కూర్చున్నా నిర్లక్ష్యం వద్దు

కరెంటు గాయం పైకి చిన్నదిగా, లోపల పెద్దదిగా ఉంటుంది. చర్మం మీద అణా కాసంత మచ్చ ఉంటే, దాని కింద కండరం లోతుగా కాలి ఉండవచ్చు. స్పృహ తప్పినా, గుండె దడ, ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నా, కాలిన మచ్చ ఉన్నా, చెయ్యి తీగకు అతుక్కుపోయినా ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించాలి. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే మరీ తొందర పడాలి. కాలిన కండరాల్లోని పదార్థం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. గర్భిణికి షాక్ కొడితే, ఆమెకు ఏమీ అనిపించకపోయినా, బిడ్డ కోసం చూపించి తీరాలి.

పసిపిల్లలు వైరు కొరికితే పెదవి మూల కాలుతుంది. మానుతున్నట్టే కనిపించి, వారం పది రోజులకు పక్కు ఊడినప్పుడు హఠాత్తుగా రక్తం కారవచ్చు. అప్పుడు పెదవిని లోపల, బయట వేళ్లతో గట్టిగా నొక్కిపట్టి ఆసుపత్రికి తీసుకురండి. కాలిన గాయం మీద పసుపు, టూత్‌పేస్టు, సిరా వంటివి పూయవద్దు. శుభ్రమైన పొడి గుడ్డ కప్పితే చాలు.

కొన్ని సందేహాలు

చెక్కపీట మీద నిలబడితే భయం లేదు కదా?
పీట పొడిగా ఉండి, మీరు ఇంక దేన్నీ తాకకపోతే కొంత రక్షణ. రెండో చెయ్యి గోడకో, కొళాయికో ఆనిందంటే పీట ఉన్నా లేనట్టే.

టెస్టరు వెలగలేదు. కరెంటు లేనట్టేనా?
అలా నమ్మవద్దు. టెస్టరే పాడై ఉండవచ్చు. ముందు కరెంటున్న చోట పెట్టి అది వెలుగుతోందో లేదో చూసుకోవాలి. మెయిన్ ఆపినా ఇన్వర్టరు లైనులో కరెంటు ఉంటుందని మరవవద్దు.

మాది అద్దె ఇల్లు. ఇంటాయన పట్టించుకోడు.
దండెం తీగ మార్చడానికి, ప్లగ్గు పిన్ను సరిచేయడానికి, రాడ్డు జాగ్రత్తగా వాడటానికి ఆయన అనుమతి అక్కర్లేదు. ఎర్తింగు, ఈఎల్‌సీబీ గురించి మాత్రం గట్టిగా అడగండి. ఇల్లు ఆయనదైనా ప్రాణం మీది.

ఆదివారం అరగంట

ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక అరగంట ఇల్లంతా తిరగండి. ఇంట్లో పనిచేసే ప్రతివారినీ, పనిమనిషితో సహా, ఒకే ప్రశ్న అడగండి: "ఎక్కడైనా ఏదైనా జివ్వుమంటోందా?" ఎవరైనా అవునంటే ఆ వస్తువు ప్లగ్గు ఆ క్షణమే పీకండి. మళ్లీ ముట్టుకొని చూడటం, చెప్పులేసుకొని వాడటం వద్దు. పెరట్లో ఇనుప దండెం ఉంటే అది ఇప్పుడు జివ్వుమంటోందా లేదా అని ఆలోచించకుండా విప్పేసి నైలాన్ తాడు కట్టండి. విప్పే ముందు మెయిన్ ఆపండి. సర్వీసు వైరును మోసే తీగ మీద ఏనాడూ బట్ట వేయవద్దు. ఈఎల్‌సీబీ మీట ఉందో లేదో చూడండి. మిగతావి లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కు వదలండి. స్విచ్చిలు ఫేజుకే ఉన్నాయా, ప్రతి సాకెట్టుకూ ఎర్త్ నిజంగా నేలదాకా వెళ్తోందా అని అతన్ని ప్రత్యేకంగా అడగండి. అడగకపోతే అతనూ చూడడు.

ఆ భర్త మూడు వారాలు కట్టు మార్పించుకోవడానికి వచ్చాడు. చివరిసారి వచ్చినప్పుడు ఈ జవాబంతా చెప్పాను. నేల చూపులు చూస్తూ విన్నాడు. "చెప్పిన రోజే ఆ తీగ విప్పేస్తే అయిపోవు" అన్నాడు. కాసేపాగి, తమ వీధిలో ఇనుప దండేలున్న ఇళ్లకు తనే వెళ్లి చెబుతున్నానన్నాడు. కొందరు విప్పారట. కొందరు, "మాది ఏం కొట్టదు" అన్నారట.

అలా అన్నవారి కోసమే ఇది రాశాను.